వేషము – నిలుచు తీరు

క్రొత్తవాడొకడు మన యెదుట నిలిచినప్పుడు అతని విద్య యెంతటిదో, గుణమెట్టిదో మనకు కనబడదు. కనబడునవి రెండే: అతడు కట్టిన బట్ట, అతడు నిలిచిన తీరు. వానిని బట్టియే మన మనస్సు క్షణకాలములో ఒక అభిప్రాయమును ఏర్పరచుకొనును. గుండీలు ఊడిన మాసిన చొక్కాతో, నేలచూపులు చూచుచు మాటలాడు బాలుని చూచి 'వీనికి శ్రద్ధ లేదు' అనుకొందుము. ఆ బాలుడే ఉతికిన బట్ట కట్టి, వెన్ను నిటారుగా నిలిపి, మన ముఖము చూచి బదులు చెప్పినచో 'వీనిని నమ్మవచ్చును' అనుకొందుము. బాలుడొక్కడే; మారినది మన తలంపు.

మానవుడు వస్త్రమును ఎండవానలనుండి కాపుదలకు మాత్రమే గాక, గుర్తుగా కూడ వాడుకొనుచున్నాడు. న్యాయవాది నల్లకోటు వృత్తిని, పోలీసు దుస్తులు అధికారమును తెలుపును. నిలుచు తీరు మనస్సును తెలుపును. భయపడినవాని భుజములు ముడుచుకొనును. నిబ్బరము గలవాని తల నిలిచియుండును.

వేషమునకు గల బలమును, దాని హద్దును మహాత్మా గాంధీ జీవితము చక్కగా చూపుచున్నది. 1888లో చదువునకై లండను వెళ్లిన ఆయన దొరవలె కనబడగోరెను. 19 షిల్లింగులకు టోపీ కొనెను. 10 పౌనులు పెట్టి విందుదుస్తులు కుట్టించెను. ప్రతిదినము పది నిమిషములు అద్దము ముందు గడపెను. కొన్ని నెలలకే ఆ మోజు తీరిపోయెను.

1893లో ఆయన దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గు నుండి ప్రిటోరియాకు పోవలసివచ్చెను. అచట భారతీయులకు మొదటి తరగతి టిక్కెట్టు దొరకుట అరుదు. జవాబుకై తానే వచ్చెదనని స్టేషను మాస్టరునకు ముందుగా చీటీ వ్రాసి, పొడుగుకోటు, మెడపట్టీ ధరించి యెదుట నిలిచెను. కాగితమును కాదనుట సులభము. యెదుట నిలిచిన మనిషిని కాదనుట కష్టము. టిక్కెట్టు దొరకెను. కాని త్రోవలో గార్డు వచ్చి మూడవ తరగతికి పొమ్మనెను. తోటి ఆంగ్లేయ ప్రయాణికుడు అడ్డుపడుటచే ఆయన అచటనే కూర్చుండగలిగెను. కోటు స్టేషను మాస్టరును ఒప్పించెను. గార్డు మనస్సులోని వర్ణద్వేషమును మాత్రము తొలగింపలేకపోయెను.

ఖద్దరు కొనుటకు తమకు డబ్బు లేదని బీదలు చెప్పగా, 1921 సెప్టెంబరులో మదురై నగరమున గాంధీజీ కొల్లాయి కట్టనారంభించెను. 1931 ఫిబ్రవరిలో ఆంగ్ల నాయకుడు చర్చిల్ ఆ వేషమును ఎగతాళి చేసెను. ఐనను ఆ సంవత్సరము నవంబరులో ఐదవ జార్జి చక్రవర్తి బకింగ్‌హామ్ రాజభవనమున ఇచ్చిన తేనీటి విందునకు గాంధీజీ అదే వేషముతో, శాలువ కప్పుకొని వెళ్లెను. దొరవలె కనబడగోరిన యువకుడు నలుబదిమూడేండ్ల పిమ్మట ఆ నగరముననే బీద రైతువలె నిలిచెను. తాను ఎవరి పక్షమున వచ్చెనో ఆ కొల్లాయియే చెప్పెను.

కావున విద్యార్థులు రెండు సంగతులు గ్రహింపవలెను. బట్ట వెల గలది కానక్కరలేదు. శుభ్రముగా నుండిన చాలును. నిటారుగా నిలుచుటకు డబ్బు అక్కరలేదు. ఇది తమ విషయము. ఇతరుల విషయమున కంటికి తోచిన మొదటి తలంపును తీర్పుగా భావింపరాదు. 'పైన పటారము, లోన లొటారము' అని మన పెద్దలు హెచ్చరించిరి. అతుకుల చొక్కాలో నున్న తోటి బాలుని గుణము తెలియవలెనన్న, అతనితో కొంతకాలము మెలగవలెను. గార్డు చేయనిది అదియే.