తెగిన వెన్నుపాము నడక మరువదు

వెన్నుపాము పూర్తిగా తెగిన పిల్లికి కొన్ని వారములు శిక్షణ నిచ్చి, కదలెడి ట్రెడ్‌మిల్ పట్టాపై నిలిపినచో దాని వెనుక కాళ్లు అడుగులు వేయునని విన్న ఒక పాఠకుడు, మెదడు ఆజ్ఞ అందనిదే అడుగెట్లు పడునని మాకు వ్రాసినాడు. ఇంత చక్కని ప్రశ్నకు రెండు ముక్కలలో బదులు చెప్పి యూరకుండుట నా వల్ల కాదు.

మెదడునకును అవయవములకును నడుమ వర్తమానములను చేరవేయునది వెన్నుపాము. క్షీరదములలో అది తెగినచో తంతువులు తమంతట తాము పెరిగి అతుకుకొనవు. పాఠ్యపుస్తకము ఇంతవరకు చెప్పి నిలిచిపోవును; అసలు కథ తెగినచోటికి దిగువనే యున్నది.

నడక యనగా ప్రతీకారచర్యల గొలుసనియు, పాదము నేలను తాకిన స్పర్శయు తుంటి సాగిన సంవేదనయు మరుసటి అడుగును పుట్టించుననియు ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ల మహామహుల మతము. ఆ మతమునకు పెద్దదిక్కు శరీరశాస్త్రజ్ఞుడు షెరింగ్టన్. లివర్‌పూల్‌లో ఆయన చెంతనే పనిచేయుచుండిన థామస్ గ్రాహం బ్రౌన్, 1911లో, పిల్లి వెనుక కాళ్లనుండి సమాచారము తెచ్చు నాడీమూలములను కోసివేసి, నడుమునకు పైగా వెన్నుపామును ఖండించి చూడగా, పైనుండి ఆజ్ఞయు క్రిందినుండి వార్తయు లేని ఆ తునకకు లోబడిన చీలమండ కండరములు రెండును, పాదము నెత్తునదియు, దానిని క్రిందికి నొక్కు పిక్కకండరమును, ఒకదాని తరువాత నొకటి క్రమము తప్పక బిగియుచు సడలుచుండెను.

దీనికాయన ఊహించిన యంత్రాంగము ముచ్చటైనది. ప్రతి కాలికిని వెన్నుపాములో రెండు అర్ధకేంద్రములు, ముడుచుట కొకటి, చాచుట కొకటి, కలవు. ఒకటి రేగినపుడు రెండవదాని నణచివేయును. రేగినది అలసిపోగా అణచివేత సడలి, అణగియున్నది విజృంభించి మొదటిదాని నణచును. ఒకే రోట ఇరువురు స్త్రీలు దంచునపుడు ఒక రోకలి పడువేళ రెండవది లేచియే యుండవలెను గదా. అయితే అక్కడ ఒకరి నొకరు చూచుకొందురు, ఇక్కడ అలసటయే తాళము. నేటి శాస్త్రజ్ఞులు ఈ చిత్రమును మిక్కిలి చిక్కుపరచిరి గాని చెరిపివేయలేదు.

ఇంతటి ఆవిష్కరణను లోకము అర్ధశతాబ్దము పట్టించుకొనలేదు. బ్రౌన్ మహాశయుడును 1927, 1928లలో పర్వతారోహకుడు స్మైత్‌తో కూడి మాంట్ బ్లాంక్ పర్వతపు బ్రెన్వా ముఖమున క్రొత్త దారులు తీసి, శరీరశాస్త్రమున కంటె పర్వతారోహణమునందే ఎక్కువ పేరు గడించెను. 1960లలో గోతెన్‌బర్గ్‌లో లుండ్‌బర్గ్, యాంకోవ్‌స్కాలు, డోపా యను మందు ఎక్కించిన పిల్లుల వెన్నుపాములో పరస్పరము అణచుకొను నాడీకణ వర్గములను కనుగొన్న పిమ్మట గాని ఆయన మాటకు విలువ రాలేదు. ఇంకను చిత్రమేమనగా, 1990లలో లాస్ ఏంజలెస్‌లో ఎడ్గర్‌టన్ బృందము, వెన్నుపాము తెగిన పిల్లులకు కేవలము నిలుచుట నేర్పగా, అవి చక్కగా నిలిచినవి గాని నడక సరిగా రాకపోయెను. అనగా ఆ తునక పాఠము నేర్చును, నేర్పినదానినే నేర్చును.

మనుష్యుల కేమి ప్రయోజన మందురా? 2018లో లోజాన్‌లో కూర్తీన్ బృందము, వెన్నుపాముపై ఎలక్ట్రోడు లమర్చి, ఏండ్ల తరబడి కాళ్లు స్వాధీనము తప్పిన ముగ్గురిని ఆసరాతో నడిపించినది. కాని రెండు కాళ్ల జీవికి తూకము నిలుపుట చాలవరకు మెదడు పని. పైగా పిల్లిది కత్తితో కోసిన నున్నని గాయము, రోడ్డు ప్రమాదమున మనిషికి తగులునది నలిగిన గాయము, అందు తరచు కొన్ని తంతువులు మిగిలియే యుండును. పిల్లి నడచినది గదా యని రోగికి ఆశలు కల్పించు పత్రికలవారు ఈ భేదమును ఒక్క పంక్తిలోనైనను చెప్పరు.