రేడియో వ్యయమును ఎవరు భరింపవలెను?

2021 నవంబరులో కురిసిన కుంభవృష్టికి స్వర్ణముఖి పొంగినది. తిరుపతి చేరువనున్న రాయలచెరువు కట్ట నుండి నీరు కారుటచే దిగువ పల్లెల ప్రజలను తరలింపవలసి వచ్చినది. అట్టి వేళలలో కరెంటు పోవును. సెల్‌ఫోను టవర్లును మూగవోవచ్చును. బ్యాటరీలతో నడచు చిన్న రేడియో పలుకుచునే యుండును. అయితే పలికించు కేంద్రమునకు డబ్బు ఎవరీయవలెను?

పూర్వము రేడియో గలవారు ఏటేట పోస్టాఫీసులో లైసెన్సు రుసుము చెల్లించెడివారు. 1980 దశకము నడుమ ఆ పద్ధతి రద్దయినది. 1997లో ప్రసారభారతి ఏర్పడినది. నేడు ఆకాశవాణికి ముఖ్యమైన రాబడులు రెండు: వ్యాపార ప్రకటనలు, కేంద్ర ప్రభుత్వపు గ్రాంటు. గ్రాంటనగా మన పన్నుల సొమ్మే. సబ్బుబిళ్ళ కొను కూలివాడును అందు భాగస్వామియే.

"ఫోనులో సమస్తము దొరకుచుండగా రేడియోకు ఇంకను సొమ్మేల? ఆ ధనముతో బడిగదులు కట్టరాదా?" అని కొందరందురు. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. గ్రాంటులో అధికభాగము జీతములకే పోవుచున్నది.

కాని ప్రకటనలపైననే ఆధారపడిన నేమగును? కొనువారు ఎక్కువగా నున్న చోటికే వర్తకుడు పోవును. కుప్పము, పలమనేరు ప్రాంతపు రైతుకు వేరుసెనగ తెగులును గూర్చియు, పట్టుపురుగుల పెంపకమును గూర్చియు చెప్పుటవలన వానికి లాభమేమి? లాభము లేకున్నను కావలసిన పనికే పన్ను. వీధిదీప మందులకు సాక్షి.

2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గము ప్రసార సాధనముల అభివృద్ధికి 2,539.61 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. యంత్రములు వచ్చును. యంత్రము తనంతట మాటాడదు గదా! తిరుపతి కేంద్రమునను, 1963లో వెలసిన కడప కేంద్రమునను మన యాసలో, మన పొలముల సంగతి చెప్పువారు ఉండవలెను.

ఇంగ్లండులో టెలివిజను చూచు కుటుంబములు సాధారణముగా బి.బి.సి. కొరకు లైసెన్సు రుసుము కట్టును. 2024లో అది 169.50 పౌండ్లు. తాము ఇంత యిచ్చుచున్నామని వారికి తెలియును. కావున నిలదీసి యడుగుదురు. మనమును ఇచ్చుచున్నాము, కాని యెరుగము. ఎరుగమి చేతనే అడుగము.

కావున మరికొంత సొమ్మిచ్చుట న్యాయమే. అయితే అది స్థానిక కార్యక్రమములకు, విపత్సమాచారమునకు ప్రత్యేకింపబడవలెను. ఏటేట లెక్క ప్రజలకు తెలుపవలెను. మీ పల్లెకు ఏమి కావలెనో కేంద్రమునకు ఒక కార్డు వ్రాయుడు. సొమ్ము మనదైనపుడు అడుగుట మన హక్కు. వినుట మన బాధ్యత.