రంగు వెయ్యకుండా కనపడదా?

మాది అనకాపల్లి. పోయినేడాది మా మామ్మకి బయాప్సీ చేశారు. ముక్క తీసి, మందులో నానబెట్టి, పలచగా కోసి, రంగులు వేసి చూస్తే గానీ చెప్పలేమన్నారు. ఆరు రోజులు ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. చివరికి రిపోర్టు బాగానే వచ్చింది. కానీ ఆ మధ్యలో మామ్మ ఓ మాట అడిగింది: "రంగు వెయ్యకపోతే కనపడదేట్రా?"

కణం గాజులా ఉంటుంది, అందుకే రంగులు. కానీ స్లైడుకి రంగు పట్టించాలంటే ముందు కణాన్ని చంపాలి. బతికున్న కణానికి వేసే మెరిసే రంగులు కూడా చిన్న అణువులకి బరువైపోతాయి, వాటి నడక మారిపోతుంది.

దీనికి దారి 1928లోనే దొరికింది. దొరికించుకున్న సి.వి. రామన్ చిన్నప్పుడు చదివింది మన విశాఖలోనే. అణువుని తాకి చెదిరిన కాంతిలో కొంత రంగు మారుతుంది. ఎంత మారిందో చూస్తే ఆ అణువులోని బంధాలు ఎలా ఊగుతున్నాయో తెలుస్తుంది. కొవ్వుది ఒక ఊపు, ప్రోటీన్‌ది ఇంకో ఊపు. అంటే అణువు తన పేరు తానే చెప్పుకుంటుందన్నమాట.

చిక్కేంటంటే ఆ గొంతు మరీ చిన్నది. కోటి ఫోటాన్లలో ఏ ఒక్కటో అలా మారుతుంది. అందుకని రెండు లేజర్లు వాడతారు. వాటి పౌనఃపున్యాల తేడా బంధం ఊపుకి సమానమైతే, ఉయ్యాలని సరిగ్గా టైముకి తోసినట్టే! సిగ్నల్ ఎన్నో రెట్లు పెరుగుతుంది. 2008లో హార్వర్డ్‌లో సన్నీ షీ బృందం ఈ పద్ధతితో బతికున్న కణాల బొమ్మలు తీసింది.

ఇక ట్యూనింగ్. ఒక లేజర్‌ని 1064 నానోమీటర్ల దగ్గర ఉంచి, రెండోదాన్ని 817కి తిప్పితే కొవ్వు మెరుస్తుంది. 811కి తిప్పితే ప్రోటీన్. ఎఫ్.ఎం.లో స్టేషన్ మార్చినట్టే. కానీ నెమ్మదిగా మారిస్తే ఈలోగా కణంలోని కొవ్వు చుక్కలు జరిగిపోతాయి, రెండు బొమ్మలూ ఒకదానిమీద ఒకటి కుదరవు. బతికున్నది మనకోసం ఆగదు కదా! అందుకే లేజర్‌కి వేగం కావాలి. 2012లో జపాన్ పరిశోధకులు సెకనుకి 30 ఫ్రేములు తీస్తూ, ఫ్రేము ఫ్రేముకీ తరంగదైర్ఘ్యం మార్చే లేజర్‌తో బొమ్మలు తీసి చూపించారు.

2020లో అమెరికాలో ఇదే రామన్ పద్ధతితో, ఆపరేషన్ థియేటర్‌లోనే, రంగు వెయ్యని మెదడు కణితి ముక్కని చూసి రెండున్నర నిమిషాల్లోపే కంప్యూటర్ దాని రకం చెప్పింది.

మొన్న సెలవులకి వెళ్లినప్పుడు ఇదంతా మామ్మకి చెప్పాను. "రంగు వెయ్యకపోయినా కనపడుతుంది మామ్మా" అన్నాను.

"మరి మనూరు ఎప్పుడొస్తాదిరా?" అంది.

ఆ లేజర్లు ఇంకా ఖరీదు. వాటిని చిన్నవిగా, చవకగా చెయ్యడం డాక్టర్ల పని కాదు, మనలాంటివాళ్ల పని. మామ్మ ఈ ప్రశ్న సరైనవాళ్లనే అడిగిందనిపించింది.