వీధి దీపములు – ఆకాశ చిత్రములు

సూర్యాపేటలోనో, కోదాడలోనో పెరటినుండి నిహారికను చిత్రింపదలచిన ఔత్సాహికునికి తొలి సందేహము ఫిల్టరును గూర్చియే. ఏది కొనవలెను? మేము ముందుగా వేయు ఎదురు ప్రశ్న ఒకటి కలదు: మీ వీధి దీపము ఏ జాతిది?

సోడియము దీపపు పసుపు కాంతి చాలవరకు 589 నానోమీటర్ల పరిసరములలో ఉండును. పాతరకపు ఫిల్టరు ఆ మేరను అడ్డగించి తక్కిన కాంతిని వదలును. తెల్లని ఎల్.ఇ.డి. దీపమట్లు కాదు, దాని కాంతి నీలమునుండి ఎరుపువరకు పరచుకొనును. దానిని ఏరివేయుట ఆ ఫిల్టరు తరము కాదు. దీపములు మారిన వీధిలో దానిని కొనుట, మా దృష్టిలో, డబ్బు దండుగ.

ఓరియన్ నిహారిక వంటి వాయుమేఘములకు ఉపాయము కలదు. అందలి ఉదజని 656.3, ఆమ్లజని 500.7 నానోమీటర్ల వద్ద వెలుగును. ఈ రెంటిని మాత్రమే పోనిచ్చు ఇరుకు ఫిల్టరు ఎల్.ఇ.డి. వెలుగును సైతము చాలవరకు తగ్గించును. అయితే చిత్రమునకు ఎక్కువసేపు పట్టును. మామూలు కెమెరాలో సెన్సరు ముందున్న గాజుబిళ్ల ఉదజని ఎరుపును చాలవరకు మింగివేయుననికూడ మరువరాదు.

ఆండ్రోమెడా గెలాక్సీ నక్షత్రరాశి. దాని కాంతియు అన్ని రంగులది. దీపమును ఆపునది దానిని కూడ ఆపును. ఇక్కడ ఫిల్టరుకంటె చీకటియే మేలు. హైదరాబాదులో 1901లో వెలసిన నిజామియా వేధశాలవారు సైతము 1968లో 48 అంగుళముల దూరదర్శినిని నగరమున గాక జపాల్–రంగాపూర్ పల్లెల చెంత నిలిపిరి. మిర్యాలగూడవారు అమావాస్య రాత్రి బియ్యపు మిల్లుల దీపములు కనబడని పొలముగట్టు చేరవచ్చును. కోదాడవారు విజయవాడ రహదారికి ఎడముగా జరుగవచ్చును.