మందలోకి వచ్చే కొత్త పొట్టేలు

జగిత్యాల జిల్లా పెగడపల్లి ప్రాంతంలో పంట కోతలు ముగిసిన పిమ్మట గొల్ల, కురుమ కుటుంబాల మందలు ఖాళీ అయిన చేలలోకి దిగుతాయి. రాత్రి మంద ఎవరి చేనిలో పడుకుంటే ఆ చేనికి ఎరువు దక్కుతుంది. మందలో గొర్రెలు ఎన్ని ఉన్నా పొట్టేళ్లు మాత్రం ఒకటో, రెండో. అందుచేత ఆ ఏడు పుట్టిన పిల్లలన్నింటికీ దాదాపు ఒక్కటే తండ్రి. రెండు మూడేండ్లు గడిచేసరికి ఆ పొట్టేలుకు సొంత బిడ్డలే జోడు అవుతాయి. ఈ సంగతి ఎరిగిన కాపరి దానిని పొరుగు మందతో మార్చుకుంటాడు. కాకుంటే అంగడిలో అమ్మి మరొకటి కొంటాడు. ఏ పొట్టేలును తేవాలి అన్నది చూడడానికి చిన్న ప్రశ్నే. కాని ఒక జాతి నిలవడమూ, కరిగిపోవడమూ ఆ ప్రశ్నకు ఇచ్చిన సమాధానంపై ఆధారపడిన సందర్భం తెలంగాణలోనే ఉంది.

ముందుగా, పొట్టేలును ఎందుకు మార్చాలో తెలుసుకోవాలి. ప్రతి జీవికీ ఒక్కొక్క జన్యువు సాధారణంగా రెండు ప్రతులుగా లభిస్తుంది: ఒకటి తల్లి నుండి, ఒకటి తండ్రి నుండి. అనేక వ్యాధుల విషయంలో ఒక ప్రతి చెడినా రెండవది పని నెట్టుకొస్తుంది. చెడు కప్పబడి ఉంటుంది. దగ్గరి చుట్టాలు కలిసినపుడు ఒకే పూర్వజీవిలోని చెడిన ప్రతి రెండు వైపుల నుండీ వచ్చి బయటపడే అవకాశం పెరుగుతుంది. దీనినే అంతఃప్రజననం అంటారు. తండ్రీ కూతుళ్ల కలయికలో పుట్టిన పిల్లకు ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వజీవి నుండి సంక్రమించే అవకాశం 25 శాతం. మన సమాజంలో మేనమామను పెండ్లాడిన స్త్రీ సంతానానికి అది 12.5 శాతం, మేనబావను పెండ్లాడితే 6.25 శాతం. సగోత్రాన్ని నిషేధించిన పెద్దలే మేనరికాన్ని ముచ్చటపడి చేశారు. రక్తసంబంధం గోత్రాన్ని అడిగి రాదు గదా!

మందలో తలలు లెక్కపెట్టినంత మాత్రాన ఈ విషయం బోధపడదు. తెలంగాణ ప్రభుత్వం 2017లో ప్రారంభించిన గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కొక్క లబ్ధిదారునికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు కేటాయించారు. ఆ మంద తనలో తానే పెరిగితే జన్యు వైవిధ్యం దృష్ట్యా అది 21 జీవాల మంద కాదు. ఆడ, మగ సమానంగా ఉన్న నాలుగు జీవాల పాటి మంద మాత్రమే. తర్వాతి తరంలో సగం వారసత్వం ఒక్క పొట్టేలుదే కావడం దీనికి కారణం.

బయటి జీవాన్ని తేవడంలో రెండు మెట్లున్నాయి. అదే జాతికి చెంది, చుట్టరికం లేని మరొక మంద నుండి తేవడం మొదటిది. సాధారణంగా ఇది చాలును. జాతి మొత్తం ఒకే కుటుంబమైపోయి, ఎక్కడ వెదకినా చుట్టమే ఎదురైనపుడు, లేదా ఆ జాతిలో లేని గుణం కావలసినపుడు వేరొక జాతిని ఆశ్రయించడం రెండవది. దానికే సంకరం అని పేరు. ధర్మశాస్త్రాలలో ఈ మాటకు నింద అంటుకొని ఉన్నది. భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుని భయాలలో సంకరమూ ఒకటి. పశుశాస్త్రంలో ఆ నింద లేదు. అయితే ఎవరితో సంకరం, ఎందుకు సంకరం, తరువాత ఏమి చేయాలి అన్న మూడు ప్రశ్నలూ తప్పవు.

మంద వెంట నడిచే కుక్కకు పూర్వులు తోడేళ్లే. నెదర్లాండ్స్ దేశీయుడైన లీండర్ట్ సార్లోస్ 1930ల దశకంలో ఆ పాత చుట్టరికాన్ని మళ్లీ కలిపాడు. ఒక జర్మన్ షెపర్డ్ మగకుక్కను ఆడ తోడేలుతో జతపరచి దృఢమైన పనికుక్కను సాధించాలనుకున్నాడు. పుట్టిన జాతికి తోడేలు రూపంతో పాటు తోడేలు బిడియమూ వచ్చింది. కొత్తవారిని చూస్తే అది తప్పుకుంటుంది. పనికుక్కగా అది ఆశించినంత రాణించకపోయినా ఇంటి తోడుగా ఆదరణ పొందింది. 1969లో సార్లోస్ మరణించగా, 1975లో ఆ దేశపు కుక్కల సంఘం అతని పేరుతోనే జాతిని గుర్తించింది. కొద్దిపాటి మూలజీవాల నుండి పుట్టిన జాతి కనుక చుట్టరికం త్వరగా బిగుసుకుపోయింది. ఎదుగుదల ఆగి మరుగుజ్జుగా మిగిలే వంశవ్యాధి ఒకటి అందులో బయటపడింది. 2014లో ప్రచురితమైన పరిశోధనలో, పరీక్షించిన ఆరోగ్యవంతమైన సార్లోస్ కుక్కలలో దాదాపు మూడవ వంతు ఆ చెడు ప్రతిని మోస్తున్నట్లు తేలింది.

ఇక బయటి జాతిని తేక తప్పదు. ఏ జాతిని? చూపుకు దగ్గరైన జర్మన్ షెపర్డ్‌ను తెస్తే రూపం చెడదు, నిజమే. కాని ఆ వ్యాధి జర్మన్ షెపర్డ్‌లోనూ ఉన్నదే. జర్మన్ షెపర్డ్ నుండీ, తోడేలు నుండీ పుట్టిన చెకోస్లోవాకియా తోడేలు కుక్కలోనూ అదే లోపం కనిపించింది. అంటే రూపంలో దగ్గరైనది రక్తంలోనూ దగ్గరై, తెచ్చిన ప్రయోజనం నెరవేరకపోవచ్చు. పూర్తిగా దూరపు జాతిని తెస్తే వైవిధ్యం పెరుగుతుంది గాని, ఏ బిడియమూ, ఏ నడకా చూసి జనం దానిని ప్రేమించారో అవి మసకబారుతాయి. నెదర్లాండ్స్‌లో ఇతర జాతులతో సంకరించే కార్యక్రమాన్ని చేపట్టినవారు ఈ రెండింటి నడుమనే దారి వెదకవలసి వచ్చింది.

మూడవ ప్రశ్నకు డాల్మేషియన్ కుక్క కథ సమాధానం. ఈ మచ్చల కుక్కలలో ఒక జన్యులోపం జాతి అంతటా వ్యాపించి, మూత్రంలో రాళ్లకు దారితీసేది. 1973లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ షైబుల్ ఒక్క పాయింటర్ కుక్కతో దానిని సంకరించి, పుట్టిన వాటిని తరతరానా మరల డాల్మేషియన్‌తోనే కలిపాడు. ఇలా చేసినపుడు బయటి జాతి పాలు మొదటి తరంలో సగం, తరువాత పావు, ఆపై 8వ వంతు, 16వ వంతుగా తగ్గుతుంది. మేలైన జన్యువు ఉన్న పిల్లలనే ఎంచుకుంటూ పోతే అదొక్కటి మిగిలి, తక్కినదంతా డాల్మేషియనే అవుతుంది. అయినా వంశశుద్ధి పేర జాతిప్రియులు అడ్డుపడ్డారు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఆ సంతతిని నిలకడగా ఆమోదించడానికి 2011 వరకు పట్టింది.

ఈ కథలు దూరదేశాలవి. దక్కనీ గొర్రె కథ మన ఇంటిది. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణలలోని మెట్ట పీఠభూమిపై పెరిగిన ఈ గొర్రె ఎక్కువగా నల్లనిది. దాని ముతక ఉన్నితోనే గొంగడి నేస్తారు. అమరకోశం గొర్రెకు చెప్పిన పేర్లలో ‘ఊర్ణాయువు’ ఒకటి. ఉన్ని కలది అని అర్థం. ఆ పేరుకు తెలుగునాట నిజంగా తగినది దక్కనీయే. ఎండకు, కరవుకు, దూరప్రయాణానికి ఓర్చుతుంది. ఈతకు ఒక్క పిల్లనే ఈనడం దాని కొరత.

మొదట ఉన్నిని సన్నగా చేయాలని మెరినో, రాంబోయే వంటి విదేశీ పొట్టేళ్లతో దక్కనీని సంకరించారు. మహారాష్ట్రలోని రాహురీ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఈ ప్రయోగాలు జరిగాయి. తరువాత ఉన్నికి గిరాకీ పడిపోయింది. మాంసానికే ధర పలికింది. అప్పుడు నెల్లూరు పొట్టేలు వచ్చింది. మన దేశపు గొర్రెలలో మిక్కిలి ఎత్తయినది, ఒంటిపై ఉన్ని లేనిది. దాని సంతతి త్వరగా బరువు పెరుగుతుంది. కాపరి దానిని కోరుకోవడంలో తప్పు లేదు. బతుకుతెరువు ముందు ఏ శాస్త్రమైనా తరువాతిదే. తప్పు మరొక చోట ఉన్నది. తిరిగి దక్కనీతో కలపకుండా తరం తరువాత తరం నెల్లూరు పొట్టేలునే వాడారు. సగం, ముప్పావు, ఎనిమిదింట ఏడు వంతులు: డాల్మేషియన్ లెక్కే ఇక్కడ తలక్రిందులుగా నడిచింది. పలు మందలలో ఉన్ని పోయింది. ఉన్నితో పాటు గొంగడి నేసే కురుమల చేతిపని తగ్గింది.

అదే దక్కనీకి మరొక విధమైన సంకరమూ జరిగింది. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో ఉన్న నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ 1990ల దశకంలో బెంగాల్ సుందరవనాల నుండి గారోల్ గొర్రెలను తెచ్చింది. అవి మిక్కిలి చిన్నవి. మాంసానికి నెల్లూరుతో పోల్చదగినవి కావు. బజారు కన్నుతో చూసినవాడు ఆ పొట్టేలును ఎన్నడూ కొనడు. కాని గారోల్‌లో కవలలను ఈనించే జన్యువు ఉన్నది. ఆస్ట్రేలియా మెరినోలలోని బూరూలా అనే తెగకు ఆ గుణం 18వ శతాబ్దపు చివర బెంగాల్ నుండి వెళ్లిన గొర్రెల ద్వారానే వచ్చిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. 2001లో ఆ జన్యువును గుర్తించడంతో రక్తపరీక్ష ద్వారానే దానిని ఎంచే వీలు కలిగింది. ఫల్టణ్‌లో దానిని పిల్లలలో వెదకి పట్టుకొని, మరల మరల దక్కనీతోనే కలిపి, గారోల్ చిన్నతనాన్ని వదిలించారు. ఆ జన్యువు ఒక్క ప్రతి ఉన్న గొర్రెలు ఈతకు సగటున సుమారు ఒకటిన్నర పిల్లను ఈనాయి. నారీ సువర్ణ అనే పేరుతో ఆ తెగ కాపరుల మందలకు చేరింది. కవలలకు తల్లిపాలు చాలవు గనుక అదనపు మేతా, శ్రద్ధా అవసరమైనాయి. ఆ బరువు మోయగల కాపరికే అది లాభం.

పెగడపల్లి అంగడిలో పొట్టేలును కొనే కాపరికి రక్తపరీక్షలు అందుబాటులో ఉండవు. అయినా అతడు అడగదగినవి అతనికి తెలియనివి కావు. దాని తల్లి ఏ మందది? ఒంటి ఈతదా, కవలలదా? దాని అన్నదమ్ములు తన మందలో ఇదివరకే ఉన్నాయా? తొలకరి వానకు తడిసి నిలిచిన జాతేనా? వైవిధ్యం ఒక్కటే కావలసి ఉంటే దక్కనీకి పరాయి జాతి అక్కర లేదు. దూరపు జిల్లాలోని మరొక దక్కనీ పొట్టేలు సరిపోతుంది. అటువంటి పొట్టేలు, నల్లని ఉన్నితో, ఇంకా ఏ మందలో మిగిలి ఉన్నదో వెదకడమే ఇప్పుడు అతనికి కష్టమైన పని.