మిరపలో ముడత: ఫోన్‌లో చెప్పిన మందు కొనే ముందు

మిరప ఆకు ముడుచుకోగానే చాలామంది రైతులు ముందుగా ఫోన్ తీస్తున్నారు. "మిరప ముడత మందు" అని వెతికితే పదుల కొద్దీ వీడియోలు వస్తాయి. అవన్నీ తప్పని కాదు. అయితే మీ చేలో ఉన్నది ఏ ముడతో తేలకుండా ఏ వీడియో చూసినా ఖర్చే మిగులుతుంది.

ఆకు అంచులు పైకి తిరిగి పడవలా ముడుచుకుంటే అది తామర పురుగుల వల్ల వచ్చే పై ముడత. అంచులు కిందికి తిరిగి, ఆకు కాడ సాగితే నల్లి వల్ల వచ్చే కింది ముడత. ఆకులు చిన్నవై, పసుపు రంగుకు తిరిగి, మొక్క గిడసబారితే తెల్లదోమ ద్వారా వ్యాపించే జెమిని వైరస్ అని అనుమానించాలి. తామర పురుగుకు కొట్టే మందుల్లో చాలావాటికి నల్లి చావదు. వైరస్ సోకిన మొక్కను బాగుచేసే మందు అసలు లేనే లేదు. అందుకే ఉత్త "ముడత" అని కాకుండా "మిరప పై ముడత", "మిరప నల్లి" అని వెతకండి.

వీడియో పెట్టిన తేదీ కూడా చూడాలి. మన రెండు రాష్ట్రాల మిరప తోటల్లో నల్ల తామర పురుగు విజృంభించింది 2021లో. ఇది ఎక్కువగా పూలలో చేరుతుంది. అంతకు ముందు చేసిన వీడియోల్లో దీని మాట ఉండదు.

మోతాదు దగ్గర ఇంకా జాగ్రత్త పడాలి. "ట్యాంకుకు ఇంత" అంటారు, ట్యాంకు ఎన్ని లీటర్లదో చెప్పరు. మందు పేరు చెబుతారు, శాతం చెప్పరు. ఇమిడాక్లోప్రిడ్‌నే తీసుకోండి: 17.8 ఎస్.ఎల్. ఉంది, 70 డబ్ల్యు.జి. ఉంది, 48 ఎఫ్.ఎస్. ఉంది. చివరిది విత్తనశుద్ధికి వాడేది. పేరు ఒక్కటే అయినా మోతాదులు వేరు. మూడు నాలుగు మందులు కలిపి కొట్టమనే వీడియోలను జనం బాగా చూస్తారు. కొట్టాక ఆకు మాడిన వీడియో మాత్రం ఎవరూ పెట్టరు!

కాబట్టి దుకాణంలో డబ్బు ఇచ్చే ముందు డబ్బా మీది లేబుల్, లోపలి కరపత్రం చదవండి. అందులో మిరప పేరు, మీ పురుగు పేరు, మోతాదు, పిచికారీకీ కోతకూ మధ్య ఆగాల్సిన రోజులు ఉండాలి. మీ పంట పేరు లేకపోతే వీడియోలో ఎవరు చెప్పినా ఆ మందు కొనవద్దు. వీడియో చివర ఒకే కంపెనీ డబ్బా చూపించి ఫోన్ నంబరు ఇస్తే అది సలహా కాదు, ప్రకటన.

అనుమానం ఉంటే ఆకు రెండు వైపులా, పూవు లోపల ఫొటోలు తీసి మీ గ్రామ వ్యవసాయ సిబ్బందికి గానీ, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ చూపించండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో అడగవచ్చు. కొన్న మందు బిల్లును, బ్యాచ్ నంబరు కనిపించేలా తీసిన లేబుల్ ఫొటోను పంట అయ్యేవరకు ఉంచుకోండి. మందు నాసిరకమని తేలితే ఫిర్యాదుకు అవే ఆధారం.