మైనస్ 27 దాటితే ఎర్ర లైటే

అరచేతిలో ఇమిడే పవర్ మీటరది. తల మీద చిన్న రంధ్రం ఉంటుంది. ఫైబర్ వైరు కొసను అందులో గుచ్చితే, వచ్చే వెలుగు బలమెంతో తెర మీద ఒక అంకె పడుతుంది. గద్వాల దగ్గరి ధరూర్‌లో కేబుల్ పని చేసే కుర్రాడు గుచ్చినప్పుడు మైనస్ 21 చూపించింది. "మంచిగనే ఉంది సార్. ఇరవై నాలుగు, ఇరవై ఐదు దాంక ఫికరు లేదు. ఇరవై ఏడు దాటితే ఎర్ర లైటే" అన్నాడు.

ఎడిటర్ గారు నన్ను పురమాయించింది ఈ అంకె కోసం కాదు. పల్లెల్లో కూడా ఇంటింటికీ ఫైబర్ అంటున్నారు, ఎవరు ఎంతకిస్తున్నారో, కంపెనీల పోటీ ఎట్లా ఉందో ధరల పట్టికతో సహా గురువారం సాయంత్రానికల్లా కావాలన్నారు. పట్టికదేముంది, ఫోన్లో వెతికితే దొరుకుతుంది. అన్ని కంపెనీలవీ పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉంటాయి. నాలుగైదు వందల దగ్గర మొదలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అన్‌లిమిటెడ్ అని పెద్దక్షరాలు, చాలా ప్లాన్లలో నెలకు 3,300 జీబీ దాటితే స్పీడు పడిపోతుందని చీమ తలకాయంత అక్షరాలు. పోటీ సంగతి ఆ కాగితం కంటే ఈ మీటరే ఎక్కువ చెప్పింది.

గద్వాల వైపు నుంచి వెలుగు బయలుదేరిందనుకుందాం. కంపెనీ గదిలో ఓఎల్‌టీ అనే పెట్టె ఉంటుంది. అందులోంచి వెలుగు ప్లస్ 3 డీబీఎం (మీటరు చూపించేదీ ఈ కొలతే) బలంతో వైరెక్కుతుంది. దారి పదిహేను కిలోమీటర్లు అనుకుంటే, కిలోమీటరుకు దాదాపు 0.3 చొప్పున నాలుగున్నర పోతుంది. అంత దూరానికి ఇది పెద్ద నష్టం కాదు, గాజు తన పని తాను చేస్తుంది. అసలు కోత ఊళ్లోకి వచ్చాకే పడుతుంది. ఒక పోగును నలుగురికి పంచే స్ప్లిటర్ దగ్గర ఏడు, ఆ నాలుగింట్లో ఒక్కోదాన్ని మళ్లీ ఎనిమిది ఇళ్లకు పంచే పెట్టె దగ్గర పదిన్నర పోతాయి. జాయింట్లకూ కనెక్టర్లకూ ఇంకో రెండు వేసుకోండి. మొత్తం నష్టం 24. మూడులోంచి ఇరవై నాలుగు తీస్తే మైనస్ 21. కుర్రాడి మీటరు చూపించిందీ అదే.

మామూలుగా ఇళ్లలో పెట్టే పెట్టె మైనస్ 27 దాకా చదవగలదు. అంటే ఇంకా ఆరు చేతిలో ఉంది. అయితే ఈ లెక్కలో ప్రతి మూడుకూ వెలుగు సగమవుతుంది. వైరును గోడ మూల దగ్గర మేకుకు గట్టిగా చుట్టారంటే ఆ వంపు దగ్గరే రెండో మూడో పోవచ్చు. కనెక్టరు మూతి మీద దుమ్ము కూర్చున్నా అంతే. వాన పడుతుంటే జాయింటు డబ్బా మూత సరిగా వేయక వచ్చేశారంటే అక్కడ ఇంకొంత. పక్కింటాయన మొహమాటపెడితే మధ్యలో ఇద్దరికి పంచే స్ప్లిటర్ ఒకటి తగిలించారనుకోండి, మూడున్నర హుళక్కి. ఇందులో రెండు మూడు కలిసొచ్చి ఆ ఆరు కాస్తా కరిగిపోతే పెట్టె మీద ఎల్‌ఓఎస్ అని రాసిన చోట ఎర్ర దీపం వెలుగుతుంది. ఫోన్ చేస్తే కాల్ సెంటర్ అమ్మాయి రౌటర్ ఆపి మళ్లీ వేయమంటుంది. వెలుగే రానిచోట ఎన్నిసార్లు ఆపి వేసినా ఒరిగేదేమీ లేదు.

జూరాల కాలువ కింద సేద్యం చేసే ధరూర్ రైతుకు ఇదంతా విడమరిచి చెప్పక్కర్లేదు. తూము దగ్గర నీళ్లు బాగానే ఉంటాయి, చివరి ఆయకట్టుకు ఎంత చేరిందన్నదే లెక్క.

స్పీడు లెక్క కూడా ఇట్లాంటిదే. ఇళ్లకు ఎక్కువగా వేసే జీపాన్ పద్ధతిలో ఒక్క పోగు మీద కిందికి 2.488 గిగాబిట్లు, పైకి 1.244 గిగాబిట్లు నడుస్తాయి. 32 ఇళ్లూ ఒకేసారి సినిమా పెట్టుకుంటే ఇంటికి 77 మెగాబిట్ల చిల్లర వస్తుంది. అందరూ ఒకేసారి పెట్టరు గనక వంద ప్లాను అమ్ముడుపోతుంది. పైకి వెళ్లే దారి సన్నదని గుర్తుంచుకోవాలి. గద్వాలలోనో రాజోలిలోనో చీర కొంగును వీడియో తీసి బేరగాడికి పంపే నేతగాడికి కావాల్సింది ఆ పైదారే. ప్రకటనలు మాత్రం కిందికొచ్చే స్పీడు గురించే చెబుతాయి.

ఇక పోటీ. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నెలనెలా ఇచ్చే లెక్కల్లో దేశంలో బ్రాడ్‌బ్యాండ్ వాడేవాళ్లు తొంభై కోట్ల పైమాటే. అందులో వైరు మీద వాడేవాళ్లు నాలుగు కోట్ల పై చిలుకు. మిగతాదంతా దాదాపు ఫోన్లే. వైరు పోటీలో పెద్ద పేర్లు జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్, నగరాల వరకు యాక్ట్. పేర్లు చూస్తే పోటీ బాగానే ఉందనిపిస్తుంది. హైదరాబాద్‌లో ఒకే అపార్ట్‌మెంట్ మెట్ల మీద మూడు కంపెనీల వైర్లు వేలాడుతుంటాయి, ఒకడి మీద కోపమొస్తే సాయంత్రానికి ఇంకొకణ్ని పెట్టించుకోవచ్చు. పల్లెలో ఆ వీలు ఎందుకు ఉండదంటే, ఊరు దాకా వైరు లాగే ఖర్చు ఇరవై కనెక్షన్లకైనా రెండొందల కనెక్షన్లకైనా ఒక్కటే. మొదట వచ్చినవాడికి ఊరంతా దొరుకుతుంది. రెండోవాడు అదే ఖర్చు పెట్టి సగం ఊరి కోసం కొట్లాడాలి, అందుకని రాడు. వచ్చినా వైరుతో రాడు, టవరు మీంచి గాలిలో వస్తాడు. జియో ఎయిర్‌ఫైబర్ 2023 సెప్టెంబరు 19న, వినాయక చవితి సందర్భంగా మొదలైంది. ఎయిర్‌టెల్ అంతకు నెల ముందే అలాంటిది తెచ్చింది. ఇంటి పైన ఒక డబ్బా బిగించి 5జీ సిగ్నల్‌ను ఇంట్లోకి దింపడమే ఇది. పేరులో ఫైబర్ ఉంది గానీ ఇంటికి వచ్చేది గాజుపోగు కాదు. సిగ్నల్ బాగున్న ఇంటికి ఇది వరమే, నాకు అభ్యంతరం లేదు. కాకపోతే ఊళ్లో ఫోన్లన్నీ తాగే చెరువులోంచే ఇదీ తాగుతుందని తెలిసి పెట్టించుకోవాలి.

ఆ ఇరవై కనెక్షన్ల ఊరిని అంటిపెట్టుకుని ఉన్నది ఎవరయ్యా అంటే కేబుల్ టీవీ ఆయనే. నాకు ఈ మనుషుల మీద అభిమానం ఉంది, దాచుకోను. ఏ ఇంటి వైరు ఏ వేపచెట్టు కొమ్మ మీదుగా పోయిందో వీళ్లకు తెలుసు. బీఎస్ఎన్ఎల్ చాలాచోట్ల ఊళ్లో వైరు పనిని స్థానిక ఆపరేటర్లకే అప్పగించి ఆదాయం పంచుకుంటోంది. ఒకే గాజుపోగు మీద ఒక రంగు వెలుగులో ఇంటర్నెట్, ఇంకో రంగులో టీవీ ఛానళ్లు పంపే వీలుంది గనక పాత కేబుల్ వ్యాపారం చావకుండా కొత్త వేషం కట్టింది. బిల్లు మీద ఎవరి పేరున్నా, రాత్రి తొమ్మిదింటికి నెట్ పోతే నిచ్చెన భుజాన వేసుకుని వచ్చేది ఈయనే.

నిచ్చెన వేసేది ఎవరి స్తంభానికి అన్నది మరో తగాదా. ఊళ్లో ఫైబర్ చాలావరకు కరెంటు స్తంభాల మీదే నడుస్తుంది. ఆ స్తంభాలు కరెంటు పంపిణీ చేసే డిస్కంవి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత స్తంభాల మీద వేలాడే కేబుళ్లను ఎక్కడికక్కడ కోసేశారు. చాలా ఇళ్లలో ఇంటర్నెట్ ఆగింది, ఎయిర్‌టెల్ హైకోర్టుకెక్కింది. ప్రాణాల ముందు ఇంటర్నెట్ ఎంత అన్న మాటకు ఎదురు లేదు. కానీ స్తంభానికి అద్దె కట్టి, ఎత్తు కొలిచి కట్టిన వైరునూ, రాత్రికి రాత్రి తగిలించిన వైరునూ ఒకే కత్తెరతో కోస్తే నష్టపోయేది అద్దె కట్టినవాడే. చిన్న ఆపరేటరుకు అది కోలుకోలేని దెబ్బ.

చరిత్ర కాస్త పరుగున చెప్పుకుందాం. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. 2004లో 256 కేబీపీఎస్ ఉంటే చాలు బ్రాడ్‌బ్యాండ్ అన్నారు, 2013లో 512, 2023లో రెండు ఎంబీపీఎస్. పంచాయతీలన్నిటికీ ఫైబర్ అంటూ 2011లో కేంద్రం ఆమోదించిన పథకం 2015 నాటికి భారత్‌నెట్ అయింది. 2016లో జియో వచ్చి డేటా ధరను నేలకు దించింది. అదే ఏడు తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్లు మొదలయ్యాయి, ఆ పైపుల కందకాల్లోనే రాష్ట్ర సర్కారు టీ-ఫైబర్ గొట్టాలు కూడా వేశారు. 2023 ఆగస్టులో కేంద్రం భారత్‌నెట్‌కు 1,39,579 కోట్లతో మరమ్మతు ప్రకటించింది.

ఆ కందకం ఆలోచన నాకిప్పటికీ నచ్చుతుంది. ఒకసారి తవ్విన నేలలో నీళ్లూ వెలుగూ రెండూ పంపారు. అయితే ఊరి దాకా వచ్చిన పోగును ఇంటి దాకా తేవడానికి ఏళ్లు పట్టింది. 2024 డిసెంబరు 8న మంత్రి శ్రీధర్‌బాబు టీ-ఫైబర్ ఇళ్ల సేవను ప్రయోగంగా మూడు ఊళ్లలో ప్రారంభించారు: నారాయణపేట జిల్లా మద్దూర్, సంగారెడ్డి జిల్లా సంగుపేట, పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్. ఒకే వైరు మీద ఇంటర్నెట్, టీవీ, ఫోను. మద్దూర్ ముఖ్యమంత్రిగారి కొడంగల్ నియోజకవర్గంలోది, అడవి శ్రీరాంపూర్ శ్రీధర్‌బాబుగారి మంథనిది, సంగుపేట మరో మంత్రి దామోదర రాజనర్సింహగారి ఆందోల్‌ది. వెలుగు ముందు ఎటు పోతుందో కొలవడానికి ఏ పవర్ మీటరూ అక్కర్లేదు. జూరాల దగ్గర 234 మెగావాట్ల కరెంటు పుట్టే ధరూర్ మండలం ఆ జాబితాలో లేదు.

సర్కారు స్వయంగా నెలసరి బిల్లులు వసూలు చేస్తుందంటే నాకు నమ్మకం తక్కువ. వైరు వేయడం వేరు, రాత్రి తొమ్మిదింటి ఎర్ర లైటుకు జవాబు చెప్పడం వేరు. సవరించిన భారత్‌నెట్‌లో ఇందుకు ఒక దారి ఉంది. ఊరి ఆపరేటరునే ‘ఉద్యమి’ పేరుతో భాగస్వామిగా తీసుకుని ఆదాయం సగం సగం పంచుకోవడం, అయిదేళ్లలో కోటిన్నర పల్లె ఇళ్లకు కనెక్షన్ ఇవ్వడం. మొదటి దశలో మండల కేంద్రం నుంచి పంచాయతీలను దండలా వరసగా గుచ్చారు, మధ్యలో జేసీబీ ఒక్క గోకు గోకితే అవతలి ఊళ్లన్నీ చీకటే. ఇప్పుడు చుట్టు తిరిగి వచ్చేలా రింగు వేస్తామంటున్నారు, ఒకవైపు తెగితే రెండోవైపు నుంచి వస్తుంది. ఆ రింగు మీద ఎవరైనా అద్దె కట్టి సేవ అమ్ముకోగలిగితే ధరూర్‌లో రెండో కంపెనీకి రెండో వైరు అక్కర్లేదు. పల్లెలో పోటీ వస్తే ఈ దారినే వస్తుంది, ధరల పట్టిక దారిన రాదు.

పక్క రాష్ట్రంలో 149

2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ అనేసరికి సరిహద్దుకు ఇవతల గద్వాల జనం కూడా చెవులు నిక్కించి విన్నారు. నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా లాగారు గనక చవకగా, త్వరగా అయింది. గాలివానకు తెగడం కూడా అంతే త్వరగా అవుతుంది. కేబుల్ ఆపరేటర్లను కలుపుకోవడం మాత్రం తెలివైన పని. తర్వాత టెండర్ల మీద సీఐడీ కేసులు, రాజకీయాలు చుట్టుకున్నాయి, అదంతా వేరే కథనం.

కనెక్షన్ రాయించుకునే ముందు

బిగించడానికి వచ్చినవాణ్ని పవర్ మీటరు పెట్టి అంకె చూపించమనండి, మీ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత స్పీడు తగ్గితే వాదనకు అదే ఆధారం. వైరు మిగిలితే పెద్ద చుట్టగా వదలమనండి, మేకుకు బిగించనివ్వకండి. పెట్టెకు చిన్న బ్యాటరీ పెట్టుకుంటే మంచిది, రాగి ఫోను తీగలా ఫైబరు తనతోపాటు కరెంటు తేదు. ట్రాయ్ 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి తెచ్చిన నాణ్యతా నిబంధనల ప్రకారం డబ్బు కట్టాక ఏడు రోజుల్లో కనెక్షన్ ఇవ్వాలి. వైరు మీద లోపం మూడు రోజులు దాటినా బాగుకాకపోతే బిల్లులో తగ్గింపో, గడువు పొడిగింపో మీకు రావాలి. జిల్లా అంతా 24 గంటలకు పైగా సేవ ఆగితే ఇచ్చే పరిహారం వేరు. గద్వాలలో నెట్ నడుస్తూ మీ ఒక్క ఊళ్లోనే పోతే ఆ జిల్లా నిబంధన మీకు వర్తించదు, మూడు రోజుల నిబంధన పట్టుకుని అడగాలి. ఫిర్యాదు నంబరు కాగితం మీద రాసిపెట్టుకోండి. కుర్రాడికి నోటిమాటగా చెప్పింది ఏ లెక్కలోకీ రాదు.